టీపీఎం 2.0

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పోనీ విండోస్ 11కు మారదామంటే, నిక్షేపంలా నడుస్తున్న పాత కంప్యూటర్లు చాలావాటికి అర్హత లేదన్న మాటే ఎదురవుతోంది. అడ్డుపడుతున్న వాటిలో ఒకటి టీపీఎం 2.0.

టీపీఎం (ట్రస్టెడ్ ప్లాట్‌ఫామ్ మాడ్యూల్) అంటే మదర్‌బోర్డు మీద విడి చిప్‌గానో, ప్రాసెసర్‌లో భాగంగానో ఉండే భద్రతా ఏర్పాటు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ తాళాల వంటి రహస్యాలు దీని అదుపులో ఉంటాయి. అందుకే డిస్కు ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా, రికవరీ కీ లేనిదే డేటా తెరుచుకోదు. కొన్ని యంత్రాల్లో టీపీఎం ఉన్నా బయోస్‌లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో వెతికి ఆన్ చేస్తే సరి.

అసలు పేచీ ప్రాసెసర్‌తోనే. ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులు పోను ఎనిమిదో తరానికి ముందువాటిని విండోస్ 11 అర్హత జాబితాలో చేర్చలేదు. దొడ్డిదారి లేకపోలేదు: రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పెన్‌డ్రైవ్ తయారు చేసుకుంటే ఈ తనిఖీలు తప్పించుకోవచ్చు. అలా ఎక్కించుకుంటే అప్‌డేట్లకు హామీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది. పైగా 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ 24హెచ్2, కోర్ 2 డ్యుయో కాలపు యంత్రాల్లో బూటే కాదు. ఆ ప్రాసెసర్లకు దానికి కావలసిన ఆదేశాలే తెలియవు, ఏ కిటుకూ పారదు.

బ్యాంకు పనులకు వాడే ల్యాప్‌టాప్ అయితే దొడ్డిదారి కన్నా, నమోదు చేసుకున్నవారికి విండోస్ 10 మీదే 2026 అక్టోబర్ దాకా ఇస్తామన్న భద్రతా అప్‌డేట్లే నయం.