కరెంటు ధర నిర్ణయములో మన మాట

హైదరాబాదు నగరమందలి చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పేటల పేర్లు వినని పల్లె నేడు అరుదు. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను గ్రామీణ యువకులు అనేకులు ఈ పేటలలో గదులు అద్దెకు తీసికొని, చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమును, చుట్టుపట్లగల శిక్షణాలయములను ఆశ్రయించి చదువు సాగించుచున్నారు. నెల తిరుగగానే గది అద్దెతోపాటు వారు కరెంటు ఖర్చును కూడ భరింపవలెను. ఆ సొమ్ము చాలవరకు ఊరినుండి వెళ్ళునదే. ఇచ్చట ఊరిలో వీధిదీపములకు, మంచినీటి మోటారునకు పంచాయతీ కరెంటు బిల్లు చెల్లించుచున్నది. అచ్చటి గది బిల్లునకు, ఇచ్చటి పంచాయతీ బిల్లునకు ధర కట్టునది ఒకే ఉత్తరువు. ఆ ఉత్తరువు వెలువడకముందే ప్రజలు తమ మాట చెప్పుకొనుటకు చట్టము కల్పించిన అవకాశమే బహిరంగ విచారణ. దీనిని గురించి పంచాయతీ సభ్యులు తెలిసికొనియుండుట అవసరము.

ధర నిర్ణయించువారెవరు?

1959లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు చాలకాలము కరెంటు సరఫరాతోపాటు ధరల వ్యవహారమును కూడ చూచుచుండెను. 1998 నాటి విద్యుత్ సంస్కరణల చట్టమును అనుసరించి బోర్డు పనులు విభజింపబడి, 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడినది. రాష్ట్ర విభజన పిదప 2014లో తెలంగాణమునకు ప్రత్యేకముగా మండలి ఏర్పడినది. ఇప్పుడు ఇంటింటికి కరెంటు అందించునవి దక్షిణ, ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థలు. హైదరాబాదు నగరమును, పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ, మెదక్, రంగారెడ్డి జిల్లాల పల్లెలును దక్షిణ సంస్థ పరిధిలోనివే. తక్కిన జిల్లాలు ఉత్తర సంస్థ క్రిందివి.

సరుకు అమ్మువాడే తన ఇష్టము వచ్చినట్లు ధర కట్టరాదు. కొనువాడు ఒక్కడే కట్టినను సంస్థ నిలువదు. కావున ఉభయుల మాట విని, లెక్కలు పరిశీలించి, న్యాయమైన ధర నిర్ణయించుట మండలి విధి.

విచారణ జరుగు విధము

2003 నాటి విద్యుత్ చట్టములోని 64వ సెక్షను ఈ పద్ధతిని నిర్దేశించుచున్నది. పంపిణీ సంస్థ రాబోవు కాలమునకు తన ఖర్చు ఎంత, రాబడి ఎంత, ఏ తరగతికి ఎంత ధర కావలెనో తెలుపుచు మండలికి దరఖాస్తు పెట్టుకొనవలెను. దాని సారాంశమును ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. ప్రజలనుండి వచ్చిన సూచనలను, ఆక్షేపణలను అన్నింటిని పరిశీలించిన పిదపనే, దరఖాస్తు అందిన 120 దినములలోపల మండలి ఉత్తరువు ఇయ్యవలెను. పరిశీలింపవలెనన్నది దయ కాదు, చట్టము విధించిన బాధ్యత. మండలి ఉత్తరువులలో ఎవరు ఏమి ఆక్షేపించిరో, దానికి సంస్థ ఏమి జవాబిచ్చెనో, మండలి అభిప్రాయమేమో వరుసగా వ్రాయబడియుండును.

ఒక చిన్న లెక్క

ధరల పట్టికలోని ఒక్క పంక్తి సంసారమును ఎట్లు తాకునో చూడుడు. ఒక ఇంటిలో నాలుగు గదులు అద్దెకు ఇయ్యబడినవనుకొందము. ప్రతి గదిలోను నెలకు 60 యూనిట్లు ఖర్చగును. 2022 మార్చి ఉత్తరువులోని గృహధరలను బట్టి మొదటి 50 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 95 పైసలు, తరువాతి 10 యూనిట్లకు 3 రూపాయల 10 పైసలు. గదికొక మీటరు ఉన్నచో గదికి 128 రూపాయల 50 పైసలు, నాలుగింటికి కలిపి 514 రూపాయలు అగును. నాలుగు గదులకు ఒకే మీటరు ఉన్నచో వాడకము 240 యూనిట్లగును. 200 యూనిట్లు దాటుటచే మొదటి యూనిటునుండియే హెచ్చు ధర వర్తించును. 200 యూనిట్లకు 5 రూపాయల 10 పైసల వంతున, తక్కిన 40 యూనిట్లకు 7 రూపాయల 70 పైసల వంతున మొత్తము 1,328 రూపాయలు. స్థిర చార్జీలు, సుంకము దీనిలో చేరలేదు. కరెంటు అదే, వాడుకొన్నవారు ఆ నలుగురే. బిల్లు మాత్రము రెండున్నర రెట్లు. ఇట్టి సంగతిని బిల్లులు చూపి చెప్పగలవారు వానిని చెల్లించువారే గాని మరియొకరు కారు.

చెప్పిన ఫలమున్నదా?

ఎవరు చెప్పినను జరుగవలసినది జరుగునని కొందరు అనుట కలదు. 2024లో జరిగినది చూడుడు. నెలకు 300 యూనిట్లకు మించి వాడు గృహముల స్థిర చార్జీని 10 రూపాయలనుండి 50 రూపాయలకు పెంచవలెనని పంపిణీ సంస్థలు కోరినవి. విచారణ జరిపిన పిదప మండలి ఆ హెచ్చింపును 800 యూనిట్లకు మించి వాడువారికే పరిమితము చేసినది. అన్ని వేళల ఇట్లే జరుగునని చెప్పరాదు. 2022లో విచారణ జరిగినను గృహధరలు యూనిటుకు 50 పైసల వరకు పెరిగినవి. అయినను ఆక్షేపణ లేనిచోట సంస్థ లెక్కకు ఎదురులెక్క ఉండదు.

ధర అనునది ఎంత తీవ్రమైన విషయమో హైదరాబాదు నగరము ఎరుగును. కరెంటు చార్జీల పెంపునకు వ్యతిరేకముగా 2000 ఆగస్టు 28న బషీర్‌బాగులో జరిగిన ప్రదర్శనపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టము వాటిల్లెను. ఆ స్థలము నారాయణగూడకు కూతవేటు దూరమే. అట్టి దినము మరల రాకుండవలెనన్నచో, ఉత్తరువునకు ముందుగా చెప్పు మాటకు విలువ పెరుగవలెను.

పంచాయతీకి పనియేమి?

వ్యవసాయమునకు 2004నుండి ఉచిత విద్యుత్తు లభించుచున్నది. 2024నుండి అర్హతగల కుటుంబములకు 200 యూనిట్లవరకు ఉచితము. ఇక మనకు ధరతో పనియేమి యని అనుకొనరాదు. ఉచితమైనను ఆ కరెంటునకు ధర ఉన్నది. దానిని ప్రభుత్వము ప్రజాధనమునుండి సంస్థకు చెల్లించును. అంతేగాక వీధిదీపములకు, మంచినీటి పథకములకు పట్టికలో ప్రత్యేక తరగతి యున్నది. ఆ బిల్లు పంచాయతీ నిధినుండియే పోవును.

కావున సభ్యులు ముందుగా ఊరి లెక్క తీయవలెను. ఎన్ని దీపములున్నవి? వానికి మీటరు ఉన్నదా, అంచనా బిల్లు వచ్చుచున్నదా? మూడవ తీగ లేక పట్టపగలు వెలుగుచున్న దీపములెన్ని? వోల్టేజి చాలక నీటి మోటారు ఏడాదిలో ఎన్నిసార్లు కాలినది, బాగుచేయుటకు ఎంత ఖర్చయినది? పాత బకాయి ఉన్నచో దానిని కూడ తెలిసికొని యుండుడు. సంస్థవారు ఆ మాట ఎత్తక మానరు.

ఈ సంగతులను తెలుగులో ఒక కాగితముపై వ్రాసి, సర్వీసు నంబర్లు, చిరునామా చేర్చి, వీలైనచో పంచాయతీ తీర్మానమును జతపరచి, ప్రకటనలో తెలిపిన గడువులోపల ఒక ప్రతి మండలికి, ఒక ప్రతి పంపిణీ సంస్థకు పంపవలెను. స్వయముగా మాటలాడ దలచినచో ఆ సంగతి కూడ వ్రాయవలెను. న్యాయవాది అక్కరలేదు. విచారణనాడు దొరకు సమయము కొలది నిమిషములే. కావున నిందలు మాని, ఒకటి రెండు అంశములను లెక్కలతో చెప్పి, కావలసినదేదో స్పష్టముగా కోరుట మేలు.

ఒక వ్యక్తి బిల్లులో వచ్చిన తప్పు ఈ విచారణకు తగిన విషయము కాదు. దానికి వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక యున్నది. అచ్చట న్యాయము జరుగలేదని తోచినచో విద్యుత్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయింపవచ్చును. నగరములో మంచినీటి చార్జీలు జలమండలి వ్యవహారము. విద్యుత్ మండలికి వానితో సంబంధము లేదు.

కడపట ఒక మాట. ఇంటిపన్ను, నీటిపన్ను విధించునపుడు పంచాయతీయే ధర నిర్ణయించు స్థానమున కూర్చుండును. తమ ఊరి లెక్కను మండలి ముందుంచి వాదించిన సభ్యులు, తమ గ్రామసభలో లెక్క అడిగిన పేదవానికి ఓపికతో జవాబు చెప్పగలరు. వచ్చెడి ప్రకటన వెలువడు నాటికి ప్రతి పంచాయతీయు తన కాగితమును సిద్ధపరచుకొని యుండుగాక.