వైద్యుని తెలుగు, రోగి తెలుగు

జగ్గయ్యపేట, నందిగామ మెట్టసీమలో, మునేటికి చేరువనున్న వత్సవాయి మొదలగు గ్రామములందు ప్రత్తియు మిరపయు రైతునకు ప్రధానమైన పైరులు. పురుగుమందు లేనిదే ఈ రెండు పైరులును నిలుచుట అరుదు. అందుచేత ఆ ఊళ్ళలో దినమునకు పదిసార్లు వినవచ్చు మాట 'మందు'. దానికి గల అర్థములను లెక్కింపబూనినచో నిఘంటుకారుడు సైతము కొంత తడబడును. పైరుపై చల్లునది మందు. పొలములో వేయు రసాయనపు ఎరువు బస్తా మందుకట్ట. దుకాణములో సీసాతో అమ్మునది మందు. మగనిని వశపరచుకొనుటకు కోడలు అన్నములో కలిపి పెట్టినదని అత్తగారు అనుమానించునది మందు. ఇన్నింటి తరువాత, వైద్యుడు చీటిమీద వ్రాసి యిచ్చునదియు మందే.

ఇది నవ్వుకొని విడిచిపెట్టదగిన సంగతి కాదు. ఎండవేళ పొలములో తూలి పడిపోయిన కూలివానిని ఆసుపత్రికి చేర్చి, వెంట వచ్చినవాడు, "పొద్దుట్నించీ మందు కొడుతున్నాడండీ" అనును. పల్లెవాని మాటలో అది పంపు వీపున కట్టుకొని పైరుపై విషము చిమ్ముట. పట్టణమునుండి క్రొత్తగా వచ్చిన యువవైద్యుని చెవికి అది సారా త్రాగుట. త్రాగుబోతును ఒక మూల పండుకొనబెట్టినచో సాయంకాలమునకు తేరుకొనవచ్చును. చర్మము ద్వారా, శ్వాస ద్వారా విషమెక్కినవాడు అట్లు తేరుకొనడు. అతని కనుపాప సూదిమొనవలె ముడుచుకొనును, ఒడలు చెమటతో తడియును, నోట చొంగ కారును, కండరములు అదరును. ఆర్గానోఫాస్ఫేటు జాతి పురుగుమందు అయినచో ఆలసింపక అట్రోపిన్ సూది వేయవలయును. "మందు తాగాడండీ" అను మాట ఇంకను చిక్కైనది. దానికి మూడర్థములు కలవు, అందొకటి ఆత్మహత్యాప్రయత్నము. "ఏ మందు?" అను రెండు మాటల ప్రశ్నతో ఈ చిక్కు తీరును. కాని ఆ ప్రశ్న అడుగవలెనని తోచుటకు ముందు, ఆ మాటకు వేరొక అర్థము కలదని వైద్యునకు తెలిసియుండవలయును గదా!

రోగి కోరినదియు, వైద్యుడు చెప్పినదియు పాలే యని సామెత. ఆ సామెత కట్టినవాడు అదృష్టవంతుడు. నేడు ఇద్దరును పాలనియే అనుచున్నను, ఒకరి మనసులోని పాలు వేరు, వేరొకరివి వేరు. వైద్యవిద్య తెలుగునాట ఆంగ్లములో సాగుచున్నది. గుంటూరు వైద్య కళాశాల 1946లోను, విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాల 1980లోను వెలసినవి. అట్టి కళాశాలలలో చదివి వచ్చువారిలో పలువురు తెలుగు బిడ్డలే. ఇంట తెలుగే మాటలాడినవారే. కాని రోగము పేరు ఆంగ్లములో నేర్చి, రోగి యెదుట కూర్చున్న తరువాత తమకు తోచిన తెలుగులోనికి మార్చుకొందురు. ఆ తెలుగు పుస్తకపు తెలుగు. "విరేచనం అయిందా?" అని వైద్యుడడుగును. ఉదయము మలవిసర్జన జరిగినదా యని అతని భావము. విరేచనములనగా నీళ్ళవలె అగునవి మాత్రమే యని ముసలవ్వ ఎరుక. "అబ్బే, అట్టాంటిదేం లేదండీ" అని ఆమె గర్వముతో చెప్పును. వైద్యుడు మలబద్ధమని తలచి మందు వ్రాయును. ఆ రాత్రి అవ్వ పడు పాట్లు వేరుగ వర్ణింపనక్కరలేదు.

స్త్రీల మాటలు మరింత మరుగుగలవి. 'బయట ఉన్నాను' అనినచో గది బయట నిలుచుట కాదు. 'నీళ్ళు పోసుకున్నది' అనగా గర్భవతియైనది; 'నీళ్ళాడినది' అనగా ప్రసవించినది. ఒక్క క్రియ మారుటతో తొమ్మిది నెలలు గడచిపోవును. ఈ మాటలను మన తల్లులు సిగ్గుచేతనే కాదు, సొగసుచేతను కల్పించుకొనిరి. వానిని ఎరుగకపోవుట వైద్యుని నేరము కాదు గాని, అడిగి తెలిసికొనకపోవుట మాత్రము లోపమే.

'వేడి చేసినది' అను మాట ఒక శాస్త్రమునే లోపల దాచుకొన్నది. రోగి ఆ మాట చెప్పగనే వైద్యుడు జ్వరమానిని నోటనుంచి, "నీకు జ్వరమేమీ లేదు" అనును. రోగి చెప్పినది జ్వరమును గూర్చి కాదు. మూత్రమున మంట, నోటిపూత, కన్నుల మంట, ఇవన్నియు వేడి. మామిడిపండు వేడి, కోడిగ్రుడ్డు వేడి. మజ్జిగ చలువ, సబ్జాగింజలు చలువ. ఈ లెక్కలో ఇంగ్లీషు మాత్రలు మిక్కిలి వేడి. కావున మాత్రలు మ్రింగి రెండు దినములైన పిదప కడుపులో మంట తోచినచో, వానిని మానివేసి మజ్జిగ త్రాగుట అతని దృష్టిలో వివేకమే. ఆ సంగతి వైద్యునకు చెప్పడు. చెప్పినచో కసరుకొందురని భయము. మామూలు జ్వరమునకైన ఇట్లు మానుటవలన పెద్ద హాని కలుగకపోవచ్చును. ఆరు నెలలు విడువక మ్రింగవలసిన క్షయమాత్రల విషయమున ఇట్లు జరిగినచో, రోగక్రిమి మందునకు లొంగని మొండిదగును.

రోగి తన మాట పూర్తిగ చెప్పుకొనుటకు వ్యవధి యేది? అమెరికాలో 1984లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, రోగి బాధ చెప్పనారంభించిన సగటున 18 సెకనులకే వైద్యుడు అడ్డు తగులుచున్నట్లు తేలినది. రోగికి కేటాయించు కాలము స్వీడనులో సగటున 22 నిమిషములకు పైన, బంగ్లాదేశములో 48 సెకనులు అని 2017లో అనేక దేశముల లెక్కలు కూర్చిన ఒక వ్యాసము తెలిపినది. వాకిట నూరుమంది నిలిచియుండగా ఒక్క వైద్యుడేమి చేయగలడను ప్రశ్న న్యాయమైనదే. అయినను కథను మధ్యలో త్రుంచుటవలన మిగులునది కొద్ది సెకనులు మాత్రమే.

రోగి పలుకు పలుకులన్నింటిలో వైద్యుని ఎక్కువగ మోసపుచ్చునది 'సరేనండి'. పెద్దచదువు చదివినవాడు చెప్పుచుండగా "నాకు తెలియలేదు" అనుట పల్లె మర్యాదలో ఆయనను తప్పుపట్టుటతో సమానము. కనుక 'సరేనండి' యనును. "మీ మాట వింటిని" అని మాత్రమే దాని యర్థము. వైద్యుడు దానిని "తెలిసినది" అని వినును. కాగితముపై అదే మాట అంగీకారముగ మారును.

వత్సవాయి ఎల్ల దాటినచో ఖమ్మం జిల్లా. 2009లో రెండును ఒకే రాష్ట్రములోనివి. ఆ యేడు జులైలో నాటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలములలో, పది మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సరును నివారించు హెచ్.పి.వి. టీకాలు వేయ నారంభించిరి. పాథ్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి నడపిన కార్యక్రమమిది. సుమారు 14 వేల మంది బాలికలకు టీకాలు పడినవి. వారిలో వసతిగృహములందున్న గిరిజన బాలికలు పెక్కుమంది. కొందరు బాలికలు మరణించిరను వార్త పొక్కి కలవరము పుట్టగా, 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిచిపోయినది. ఆ మరణములకు టీకాతో సంబంధము కానరాలేదని విచారణ సంఘము తెలిపినది. అంగీకార పత్రముల సంగతి మాత్రము వేరు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము సమర్పించిన నివేదిక ప్రకారము 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు. 2,763 వసతిగృహ వార్డెనుల సంతకములు. తల్లిదండ్రులకు మారుగ ప్రధానోపాధ్యాయులు సంతకము చేయవలెనని ప్రభుత్వమే ఆదేశించినదను సంగతిని కూడ సంఘము ఎత్తిచూపినది.

ఆ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. పలు దేశములలో బాలికలకు వేయుచున్నారు. టీకా మంచిదగుట వేరు, ఎందులకో చెప్పక వేయుట వేరు. చెప్పియుండినచో వదంతికి చోటుండెడిది కాదేమో. బడిపంతులు సంతకము ఊరిలో విలువగలది. విలువగలది గనుకనే, తల్లి నోట రావలసిన ప్రశ్న దాని క్రింద అణగిపోయినది.

ఈ 'సరేనండి'కి అంతకంటె పెద్ద మూల్యము చెల్లించినవారు నడివయసు నిండని తెలుగు స్త్రీలు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వరకు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమున నూటికి 3.2 మంది, ఆంధ్రప్రదేశములో 8.9 మంది. తెల్లబట్ట, నడుమునొప్పి అని వచ్చిన ముప్పదియేండ్ల కూలిమనిషికి, "సంచి పాడైంది, ముందు ముందు క్యాన్సరు రావచ్చు" అని చెప్పుదురు. ఈ 'రావచ్చు' అనునది ఎంత వింత మాట! చెప్పువాని లెక్కలో అది వేయింట ఒకటియో, లక్షకు ఒకటియో. వినునామె చెవిలో అది రాబోవు చావు. "పిల్లలు పుట్టారుగా, ఇంక దాంతో పనేముంది?" అని ఇరుగుపొరుగులు తోడగుదురు. మందులతో మానదగిన బాధకు శస్త్రచికిత్స జరుగును. అండాశయములను గూడ తీసివేసినచో ఆమెకు ముట్లు ఉడిగినవారి స్థితి ఒక్కసారిగ వచ్చి, ఎముకల బలము తగ్గును. ఇందు ధనాశ లేదనుట అమాయకత్వము. కాని ధనాశకు దారి తీసి తలుపు తెరచినది ఆ ఒక్క మాటకు గల రెండర్థములే.

2008 జనవరి 16వ తేదీన సుప్రీంకోర్టు ఇట్టి వ్యాజ్యమొకదానిలో తీర్పు చెప్పినది. పరీక్షకు మాత్రమే ఒప్పుకొన్న ఒక ఢిల్లీ మహిళకు, ఆమె మత్తులో నుండగా తల్లి సమ్మతితో గర్భసంచి తీసివేసిరి. పరీక్షకు ఇచ్చిన అంగీకారము చికిత్సకు చెల్లదనియు, తెలివిగల వయోజనురాలికి మారుగ తల్లి ఒప్పుకొనుట చాలదనియు, చికిత్స స్వభావమును, ప్రమాదమును, ప్రత్యామ్నాయమును రోగికి తెలియజెప్పవలయుననియు న్యాయస్థానము నిర్ణయించినది. అనవసరముగ గర్భసంచులు తీయుటను అరికట్టు మార్గదర్శకములను అమలు పరచవలసినదిగ 2023లో అదే న్యాయస్థానము రాష్ట్రములను ఆదేశించినది.

'తెలియజెప్పుట' జరిగినదని ఎట్లు తెలియును? "అర్థమైందా?" అను ప్రశ్న వ్యర్థము, దాని జవాబు ముందే సిద్ధముగ నున్నది. అనుభవము గల వైద్యులు ఆ ప్రశ్న మాని, "ఇంటికెళ్ళి మీ అత్తగారికి ఏమని చెబుతావమ్మా?" అని అడుగుదురు. చీటి చదివిపెట్టు బడిపంతులు కూడ అట్లే అడుగవచ్చును. మిరపకోతకు పోవు ఆడకూలి ఆ ప్రశ్నకు కొంచెము తటపటాయించి, "అన్నం తిన్నాక వేసుకోమన్నారని చెబుతానండీ, మూడు పూటలా" అనును. మరల తానే, "కానీ నేను తినేది రెండు పూటలేనండీ. మూడో బిళ్ళ ఎప్పుడు వేసుకోను?" అనును. వైద్యుడు చీటిని తిరిగి చేతికి తీసికొని, కలము విప్పి, "పొలానికి ఎన్నింటికి పోతావమ్మా?" అని అడుగును.