శక్కర్‌నగర్ చెప్పే పాఠం

బోధన్‌లోని శక్కర్‌నగర్ పేరును నల్లబల్లపై రాసి విడదీయమంటే విద్యార్థులు చటుక్కున విడదీస్తారు. శక్కర్ ఉర్దూ మాట, నగర్ సంస్కృత పదం. సంస్కృతంలోని ‘శర్కర’ ఫారసీలో ‘షకర్’ అయింది, అరబీలో ‘సుక్కర్’ అయింది, అక్కడి నుండి ఐరోపా భాషలకు చేరింది. తమ వీధి పేరులో ఇన్ని దేశాల వర్తకం దాగి ఉందని తెలిసిన పిల్లవాడు ఆ పూట సాంఘికశాస్త్రం తరగతిలో కునుకు తీయడు.

మన ఇళ్ళలో ఈ సబ్జెక్టుకు మర్యాద తక్కువ. గణితానికి, సైన్సుకు ట్యూషన్లు. సోషల్‌కు పరీక్ష ముందు రాత్రి బట్టీ. ఇక పిల్లలకు విసుగు పుట్టడంలో వింతేముంది?

నిజామాబాద్ ప్రాంతపు విద్యార్థులకు పాఠం ఊరి పొలిమేరలోనే ఉంది. మంజీరపై నిజాంసాగర్ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ నీటితో చెరకు విస్తరించింది. చెరకును వెతుక్కుంటూ 1937లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదిగా పేరుపొందిన ఆ కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడింది. నీటిపారుదల, పంట, పరిశ్రమ, ప్రైవేటీకరణ పుస్తకంలో వేర్వేరు అధ్యాయాలు; ఇక్కడ అవన్నీ ఒకే కాలువ గట్టున ఉన్నాయి. 2016 జిల్లాల విభజన తర్వాత ఆనకట్ట కామారెడ్డి జిల్లాకు వెళ్ళింది, బోధన్ నిజామాబాద్‌లోనే మిగిలింది. ఈ పటం గీయించి చూడండి, ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

ఉపాధ్యాయుడు ఒక ఇంటిపని ఇవ్వవచ్చు: ఫ్యాక్టరీ మూతపడ్డాక మన వీధిలో ఏమి మారింది? చెరకు వేసిన రైతును, పాత కార్మికుడిని, బీడీలు చుట్టే అమ్మను అడిగి రాయాలి. ఒకరు వరికి మారామంటారు, ఒకరు గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకును తలచుకుంటారు. అయితే ఉపాధి పోయిన ఇంటి బిడ్డను తరగతి ముందు నిలబెట్టి చదివించకూడదు. కాగితం మీద రాసిస్తే చాలు.

అసలు చిక్కు నిజాం ప్రస్తావనతో వస్తుంది. ఇంట్లో దాదా ఆనకట్ట కట్టించిన పాలకుణ్ణి మెచ్చుకుంటారు. పుస్తకంలో అదే పాలనలోని వెట్టిచాకిరీ, దొరల దౌర్జన్యం, రజాకార్ల హింస కనిపిస్తాయి. ముస్లిం విద్యార్థి తరగతిలో తల దించుకుంటాడు, లేదా పుస్తకమే అబద్ధమని మనసులో తీర్మానించుకుంటాడు. రెండూ నష్టమే. ఆనకట్ట ఎంత నిజమో వెట్టి అంత నిజం. ఒకరి భారాన్ని మరొకరు మోయరన్నది దివ్యఖుర్‌ఆన్ బోధ. ఏ పాలకుని లెక్కా ఆ పసివాడు అప్పజెప్పనక్కరలేదు. మన సాక్ష్యం మనకూ, మన తల్లిదండ్రులకూ, బంధువులకూ వ్యతిరేకమైనా సరే, న్యాయం పక్షాన నిలబడమని అన్నిసా సూరా ఆదేశిస్తోంది. వచ్చిన వార్తను విచారించి తెలుసుకోమని అల్‌హుజురాత్ హెచ్చరిస్తోంది. 1377లో ‘ముఖద్దిమా’ రాసిన ఇబ్న్ ఖల్దూన్, పూర్వ చరిత్రకారులు చెప్పిన సైన్యాల సంఖ్యలను సైతం ఇది సాధ్యమేనా అని నిలదీశాడు. దాదా మాటనూ పుస్తకం మాటనూ అదే పద్ధతిలో, అదే మర్యాదతో ప్రశ్నించడం పదో తరగతి బిడ్డకు శక్తికి మించిన పని కాదు.

ఈ సాయంత్రం అమ్మాయి నోటుపుస్తకం పట్టుకొని దాదా పక్కన కూర్చుంటే టీవీ కాసేపు ఆపండి. ఆయన చెరకు బండ్ల బారులతోనే మొదలుపెట్టవచ్చు.