నియంతకు వీరుల పక్కన చోటా?

'చచ్చినవాడి కళ్లు చారెడు' అని సామెత. బతికుండగా ఎలాంటివాడైనా, పోయాక నాలుగు మంచిమాటలే చెప్పుకుంటారు. ఫిలిప్పీన్స్‌లో ఫెర్డినాండ్ మార్కోస్ విషయంలో మాత్రం అది కుదరలేదు. ఆయన అంత్యక్రియలు పూర్తికావడానికే 27 ఏళ్లు పట్టింది!

చెప్పులే గుర్తు... కానీ

మార్కోస్ అనగానే మనకు ఆయన భార్య ఇమెల్డా చెప్పుల జతలే గుర్తొస్తాయి. ఫిలిప్పీన్స్ వాళ్లకు గుర్తొచ్చేది వేరు. 1965లో అధ్యక్షుడైన మార్కోస్ 1972లో సైనిక శాసనం విధించాడు. ఆ పాలనలో సుమారు 70 వేలమంది జైలుపాలయ్యారనీ, 34 వేలమంది చిత్రహింసలు అనుభవించారనీ, మూడువేల మందికిపైగా హతమయ్యారనీ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క. 1986 ఫిబ్రవరిలో లక్షలాది జనం మనీలా రోడ్లమీదికొస్తే మార్కోస్ హవాయి పారిపోయాడు. 1989లో అక్కడే కన్నుమూశాడు.

అద్దాల పెట్టెలో...

మనీలాలో పూడ్చకూడదు, సొంతూరికే తీసుకెళ్లాలన్న షరతుమీద 1993లో శవాన్ని దేశంలోకి రానిచ్చారు. బటాక్ పట్టణంలో దాన్ని అద్దాల పెట్టెలో భద్రపరిచారు. కుటుంబం కోరిక ఒక్కటే... 'లిబింగన్ ఙ్ మఙా బయాని'లో చోటు. అంటే 'వీరుల శ్మశానం'. 1998లో ఎస్ట్రాడా ప్రభుత్వం సరేనంది కానీ నిరసనలకు వెనక్కి తగ్గింది. 2016లో గెలిచిన డుటెర్టే మాత్రం అనుమతిచ్చేశాడు.

గొడవ సుప్రీంకోర్టుకెక్కింది. మాజీ అధ్యక్షులకూ సైనికులకూ అక్కడ చోటుంది, మార్కోస్ రెండూనూ అన్నది ఒక వాదన. సైన్యం నుంచి అవమానకరంగా తొలగించినవాళ్లకు చోటు లేదనీ రూలుంది, జనమే తరిమేయడం కంటే అవమానం ఏముంటుందన్నది రెండో వాదన. ఆయన చెప్పుకున్న యుద్ధవీరగాథలు నమ్మదగ్గవి కావని జాతీయ చరిత్ర సంఘమూ తేల్చింది. చివరికి నవంబరు 8న 9-5 మెజారిటీతో కోర్టు అనుమతించింది. అక్కడ పూడ్చినంతమాత్రాన వీరుడైపోడని కూడా చెప్పింది.

సరిగ్గా పది రోజులకే, నవంబరు 18న, ముందస్తు ప్రకటన లేకుండా హెలికాప్టర్లో శవాన్ని తెచ్చి, 21 తుపాకుల వందనంతో పూడ్చేశారు. 'దొంగచాటుగా కానిచ్చారు' అంటూ విద్యార్థులు రోడ్లెక్కారు. 2022లో మార్కోస్ కొడుకే దేశాధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు.

ఇంకో చోటు

ఏటా నవంబరు 1న ఫిలిప్పీన్స్ కుటుంబాలు శ్మశానాలకెళ్లి, సమాధులు శుభ్రంచేసి కొవ్వొత్తులు వెలిగిస్తాయి. మరి సైనిక శాసన కాలంలో మాయమై ఇప్పటికీ ఆచూకీ లేనివాళ్ల మాటేమిటి? తల్లి కొవ్వొత్తి పెడదామన్నా సమాధి ఉండాలిగా!

మనీలా మహానగరంలోనే, కెసాన్ సిటీలో ఓ నల్లరాతి గోడ ఉంది. నియంతృత్వాన్ని ఎదిరించినవాళ్ల పేర్లు దానిమీద చెక్కారు. ఆ చోటును 'బంతయోగ్ ఙ్ మఙా బయాని' అంటారు. అంటే వీరుల స్మారకం. ఒకే నగరంలో అక్కడా 'బయాని'యే, ఇక్కడా 'బయాని'యే. పిల్లలు 'ఇద్దరిలో ఎవరు వీరులు?' అనడిగితే ఏం చెప్పాలి?

ఆ దేశపు పెద్దలకు అదే చిక్కు.