ఏ నూనె మంచిది, డాక్టరు గారూ?

బి.పి., షుగరు, గుండె జబ్బులతో మన ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది మందుల చీటీ తీసుకున్నాక గుమ్మం దగ్గర ఆగి, "ఇంతకీ ఏ నూనె వాడమంటారండీ?" అని అడుగుతారు. ఒక పేరు చెబితే ఆ ప్యాకెట్టు కొనుక్కుని నిశ్చింతగా ఉందామని వారి ఉద్దేశం. అప్పుడు మేము తిరిగి అడుగుతాము: "నెలకు మీ ఇంట్లో ఎన్ని లీటర్లు అవుతుందమ్మా?" నలుగురున్న ఇంట్లో ఆరు లీటర్లు అంటే, అది ఏ నూనె అయినా ఎక్కువే.

నూనె ఏదైనా గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రోజుకు 2000 కేలరీల భోజనం చేసేవారికి నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు, అంటే ఐదారు చిన్న చెంచాలు సరిపోతుంది. నలుగురికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఆవకాయలో తేలే పప్పునూనె, ముద్దపప్పులో వేసుకునే నెయ్యి, సాయంత్రం బండి మీద తినే పునుగులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

ఇక రకాల సంగతి. మన ప్రాంతంలో పామాయిలు బయటినుంచి వచ్చిన వస్తువు కాదు. ఏలూరు పక్కన పెదవేగిలో 1995 నుంచి ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రం ఉంది, చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు ఆ తోటలే జీవనాధారం. పామాయిలు విషమేమీ కాదు. కాని అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అది చెడ్డ కొలెస్టరాలును పెంచుతుంది. వేరుశెనగ నూనెలో అది సుమారు ఐదో వంతు మాత్రమే. కాబట్టి గుండె జబ్బు ఉన్న ఇంట్లో రోజూ పామాయిలు ఒక్కటే వాడవద్దు. తాడేపల్లిగూడెం వైపు రైసు మిల్లులు ఎక్కువ కనుక తవుడు అందరికీ తెలిసిందే. ఆ తవుడు నుంచి తీసే నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం ఉంటుంది, అది కొలెస్టరాలు తగ్గడానికి కొంత సాయపడుతుంది. ఒక నెల తవుడు నూనె, మరో నెల వేరుశెనగ లేక నువ్వుల నూనె, ఇలా మార్చి వాడుకోవడం మంచిది. ప్యాకెట్టు మీద "కొలెస్టరాల్ లేదు" అని రాసి ఉంటే మురిసిపోకండి. గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్టరాలు చెప్పుకోదగినంత ఉండదు.

వనస్పతి విషయంలో 2022 నుంచి చట్టం గట్టిపడింది. ట్రాన్స్ కొవ్వు నూటికి 2 పాళ్ళు మించకూడదు. అయినా ఇంట్లో దాని అవసరం లేదు.

అసలు మాకు భయం కలిగించేది మూకుడులో మిగిలిన నూనె. కొల్లేటి లంక గ్రామాల్లో చేపకు కొదవ లేదు. బొచ్చె, శీలావతి ముక్కలు వేయించాక పావు లీటరు నూనె మిగులుతుంది. "పారబోయడానికి మనసొప్పదండి, మర్నాడు అప్పడాలకు, ఆపైన గారెలకు వాడతాను" అని ఒక పెద్దావిడ చెప్పారు. ఆమెను తప్పుపట్టలేము. సారెపతు విధవరాలి బుడ్డిలో నూనె తరగలేదని విన్నవాళ్ళం, నూనె పారబోయడం మనకు పాపంలా తోస్తుంది! కాని పదేపదే కాగిన నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు కట్టి, త్వరగా పొగ వస్తుంది. అందులో పుట్టే పదార్థాలు రక్తనాళాలకు హాని చేస్తాయి. అందుకే మూకుడు చిన్నది పెట్టి, కొద్ది నూనెలోనే వేయించండి. మిగిలితే వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూర తాలింపుకు వాడేయండి. మళ్ళీ వేపుడుకు వద్దు, కొత్త నూనెలో కలపవద్దు. చేపను వారంలో ఎక్కువసార్లు పులుసు పెట్టుకుంటే ఈ చిక్కే ఉండదు.

క్రిస్మస్ పిండివంటలకూ, ప్రేమవిందుకూ వంట చేసే సహోదరీలు కూడా ఇది గమనించాలి. వందమందికి వండినప్పుడు మిగిలిన నూనెను ఇళ్ళకు పంచి పంపడం ప్రేమతో చేసేదే, కాని ఆ వాడుక మానుకోవాలి.

నూనె మార్చామని కొలెస్టరాలు మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. ఒకటో తేదీన కొత్త నూనె సీసా మీద తేదీ రాయండి, ఎన్ని రోజులు వచ్చిందో చూడండి. వచ్చేసారి చూపించుకోవడానికి వచ్చినప్పుడు రక్తపరీక్ష కాగితంతోపాటు ఆ లెక్క కూడా తీసుకురండి.