నాలుగు పుల్లలు, రెండు గుడ్లు

పుంగనూరు అనగానే అందరికీ పొట్టి ఆవులే గుర్తొస్తాయి. నేను మాత్రం మా ఇంటి గువ్వల గురించి చెప్తా.

పోయిన వేసవి సెలవుల్లో ఇంటికెళ్లి, కిటికీకి ఉన్న కూలర్ దుమ్ము దులుపుతున్నా. పైన ఎండుపుల్లలు అడ్డదిడ్డంగా పడున్నాయి. చెత్త అనుకుని తోసేశా. కింద టప్‌మని చప్పుడు. చూస్తే రెండు తెల్లటి గుడ్లు పగిలున్నాయి. "రేయ్, గువ్వ గూడు రా అది! చూసుకోవద్దా?" అని అవ్వ అరిచింది. ఆ పూట అన్నం సయించలేదు. ఆ తప్పే నాతో గువ్వల గురించి చదివించింది.

మన వీధుల్లో తిరిగే ఈ చిన్న గువ్వ పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. మెడ ముందు నల్లచుక్కలుంటాయి. కూత మెల్లగా నవ్వినట్టుంటుంది కాబట్టి ఇంగ్లీషులో 'లాఫింగ్ డవ్' అన్నారు. మిద్దె మీద రాగులు ఎండబోస్తే చాలు, వాలిపోతుంది. చాలా పిట్టలు నీళ్లు ముక్కుతో తీసుకుని, తల పైకెత్తి మింగుతాయి. గువ్వ మాత్రం ముక్కు ముంచి, స్ట్రాతో పీల్చినట్టు తల ఎత్తకుండా తాగేస్తుంది.

ఇక గూడు. మన సివిల్ వాళ్లు చూస్తే వైవాలో సున్నా వేస్తారు! కొన్నిసార్లు కింద నుంచి గుడ్లు కనపడేంత పలచన. మగది పుల్లలు తెస్తుంది, ఆడది కూర్చుని సర్దుతుంది. ఇది బద్ధకం అనుకున్నా. తర్వాత అర్థమైంది. కాకి గుడ్లు ఎత్తుకెళ్లినా, గాలికి గూడు పడిపోయినా పోయేది నాలుగు పుల్లలే. మళ్లీ త్వరగా మొదలుపెట్టొచ్చు.

పెట్టేది మామూలుగా రెండు గుడ్లు. సుమారు రెండు వారాలు పొదుగుతాయి. పగలు ఎక్కువసేపు మగది, రాత్రంతా ఆడది, షిఫ్ట్ డ్యూటీ లెక్క. పిల్లలకు మొదట్లో తల్లీతండ్రీ ఇద్దరూ తమ గొంతుసంచిలో తయారయ్యే పాలలాంటి పదార్థం పెడతాయి. మెల్లగా గింజలు అలవాటు చేస్తాయి. ఇంకో రెండు వారాలకు పిల్లలు ఎగిరిపోతాయి.

కొన్నాళ్లకు అదే కూలర్ మీద మళ్లీ పుల్లలు! ఈసారి ఎవరం ముట్టుకోలేదు. నెల రోజులు కూలర్ ఆన్ చెయ్యలేదు. నాయన విసనకర్రతోనే సర్దుకున్నాడు. రెండు పిల్లలూ ఎగిరిపోయినంక గానీ అవ్వ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మీ హాస్టల్ కిటికీలోనో, కూలర్ మీదో నాలుగు పుల్లలు కనిపిస్తే తోసేముందు ఒకసారి తొంగి చూడండి. అది చెత్త కాకపోవచ్చు.