మందు పేరు కాదు, మందు తీరు తెలియాలి

వేసవి వచ్చిందంటే మన ఇళ్ళకు ఇండియా నుంచి అమ్మానాన్నలో, అత్తమామలో వస్తారు. పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, సున్నుండలతో పాటు ఆరు నెలలకు సరిపడా మందుల సంచీ కూడా దిగుతుంది. ఆ అట్టల మీది బ్రాండు పేర్లు చాలావరకు ఇక్కడి ఫార్మసీల్లో కనిపించవు. అప్పుడు ఇంట్లో అందరి చూపూ నర్సింగో, ఫార్మసీయో, ప్రీ-మెడ్డో చదువుతున్న అమ్మాయి వైపో అబ్బాయి వైపో తిరుగుతుంది. "నువ్వు చదువుతున్నావుగా తల్లీ, ఇది దేనికో చెప్పు!" అంటారు.

ఆ ప్రశ్నకు జవాబిచ్చే శాస్త్రమే ఫార్మకాలజీ. తెలుగులో ఔషధ శాస్త్రం. నర్సింగ్, ఫార్మ్-డి, మెడిసిన్, డెంటల్ - ఏ దారిలో వెళ్ళినా ఈ గుమ్మం దాటి తీరాలి. పుస్తకం తెరవగానే వందల కొద్దీ పేర్లు కనబడేసరికి పిల్లలు బెదిరిపోతారు. కార్డుల మీద రాసుకుని బట్టీ పడతారు. పరీక్ష అయ్యాక సగం మర్చిపోతారు. కానీ ఈ శాస్త్రంలో పేర్లది రెండో స్థానం. మందు తీరు తెలిస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది. ఆ తీరు నేర్చుకోవడానికి మన తెలుగువాడి ప్రయోగశాల నుంచి వచ్చిన మందులను మించిన ఒజ్జబంతి లేదు.

భీమవరం నుంచి బోస్టన్‌కు

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, 1922లో బోస్టన్ చేరారు. ఖర్చుల కోసం ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నారు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే కన్నుమూశారు.

ఆయన సోదరుడు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో పోయాడు. ఆయనా ఆ జబ్బుతో బాధపడ్డారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు పనికొచ్చే విటమిన్ ఫోలిక్ యాసిడ్. దానిని 1945లో ప్రయోగశాలలో తయారు చేసి చూపింది ఆయన బృందమే. ఆకుకూరల్లో దొరికే విటమిన్ ఇది. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కనుక ఆ పేరు వచ్చింది. మనం పాలకూర పప్పులో తినేది దీని సహజ రూపమే.

తాళం, తాళంచెవి

అదే సమయంలో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు వైద్యం చేస్తున్నారు. ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇస్తే జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరుగుతున్నట్టు ఆయనకు అనిపించింది. అలాగైతే ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందు ఇస్తే? ఆ మందును సుబ్బారావుగారి బృందం అందించింది. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రచురించారు. మందు తీసుకున్న 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. అది తాత్కాలికమే. అయినా రక్త క్యాన్సర్‌ను మందుతో వెనక్కి నెట్టవచ్చని తెలిసింది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో ఉంది. ఈ దేశంలో ఆ జబ్బులో ఎక్కువగా కనిపించే రకం వచ్చిన పిల్లల్లో ఇప్పుడు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

ఫార్మకాలజీ మొదటి పాఠం ఇక్కడే ఉంది. మన కణాల్లో ఎంజైములు తాళాల వంటివి, వాటికి సరిపోయే పదార్థాలు తాళంచెవుల వంటివి. మెథోట్రెక్సేట్ చూడ్డానికి ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండే దొంగ తాళంచెవి. తాళంలో దూరి ఇరుక్కుపోతుంది, అసలు తాళంచెవికి చోటివ్వదు. ఫోలిక్ యాసిడ్ పని జరగకపోతే కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకోలేదు. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలే ముందు దెబ్బతింటాయి. అయితే ఎముకల మూలుగ, నోటిలోపలి పొర, జుట్టు కూడా వేగంగా పెరిగేవే. అందుకే ఈ మందుతో నోటిపూత రావచ్చు, రక్తకణాలు తగ్గవచ్చు, జుట్టు రాలవచ్చు. ఇది అర్థమైతే సైడ్ ఎఫెక్టుల పట్టికను బట్టీ పట్టనక్కరలేదు. మందు చేసే మేలూ, కీడూ చాలాసార్లు ఒకే పని.

శరీరం మందును ఏం చేస్తుంది?

మందు శరీరానికి ఏం చేస్తుందో ఒక సగం. శరీరం మందును ఏం చేస్తుందో రెండో సగం. మింగిన మాత్ర రక్తంలోకి ఎక్కాలి, ఒంట్లో వ్యాపించాలి, కాలేయంలోనో మరెక్కడో మార్పు చెందాలి, చివరికి బయటికి పోవాలి. ఈ నాలుగు మెట్లు గుర్తుంచుకుంటే చాలా చిక్కుముడులు విడిపోతాయి.

మొదటి మెట్టుకు ఉదాహరణ కూడా సుబ్బారావుగారి ప్రయోగశాలదే. ఆయన విభాగంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్కులలో అది మొదటిది. టెట్రాసైక్లిన్‌ను గ్లాసుడు పాలతో మింగితే, పాలలోని కాల్షియం దాన్ని పట్టేసుకుంటుంది. మందు రక్తంలోకి సరిగా ఎక్కదు. "మాత్ర వేడి చేస్తుంది, పాలతో వేసుకో" అనే మన అమ్మమ్మల మాట ఈ మందు దగ్గర మాత్రం పనిచేయదు.

ఆఖరి మెట్టుకు మన కాఫీయే సాక్షి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. దీన్నే హాఫ్-లైఫ్ అంటారు. సాయంత్రం 4 గంటలకు తాగిన కాఫీలో 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటే, రాత్రి 9కి 50, తెల్లవారుజామున 2కి 25 ఒంట్లో ఉంటాయి. నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు తెలిసిందిగా! ఏ మందు రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలన్నది నిర్ణయించడంలోనూ ఈ లెక్క ముఖ్యం.

ఎంత? ఎప్పుడు?

మెథోట్రెక్సేట్‌ను చాలా తక్కువ మోతాదులో కీళ్ళవాతానికి కూడా ఇస్తారు. ఈ వాడకానికి అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతి ఇచ్చింది. మన పెద్దవాళ్ళలో ఈ మాత్ర వాడేవారు చాలామందే ఉన్నారు. దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. బీపీ మాత్ర, షుగరు మాత్ర రోజూ వేసుకునే అలవాటులో దీన్నీ రోజూ వేసుకుంటే మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి పొరపాట్లతో మరణాలు సంభవించాయి కనుకే మందుల భద్రతా సంస్థలు పదే పదే హెచ్చరిస్తున్నాయి. ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది. కిడ్నీలు మందగించిన పెద్దవారికి ప్రమాదం మరీ ఎక్కువ.

అందుకే ఇంట్లో ఈ మాత్ర ఉంటే, వేసుకోవలసిన వారం పేరును డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఎందుకు రాస్తారో మీ పిల్లల్ని అడగండి. దొంగ తాళంచెవి వల్ల కలిగే ఇబ్బందులు తగ్గించడానికి అసలు తాళంచెవినే తోడు పంపుతున్నారన్నమాట. విటమినూ, దాని విరోధీ ఒకే ప్రయోగశాల నుంచి వచ్చి, ఒకే మనిషికి మేలు చేయడం విశేషం.

ఒకే మందు, రెండు పేర్లు

ఇండియాలో పారాసిటమాల్, ఇక్కడ అసిటమినోఫెన్. అక్కడి డోలో, క్రోసిన్, ఇక్కడి టైలెనాల్ అన్నీ అదే. నాన్నగారు డోలో 650 వేసుకున్నాక ఇంకెవరో టైలెనాల్ ఇచ్చి, పైన జలుబు సిరప్ పోస్తే, ఒకే మందు మూడుసార్లు పడినట్టు. పెద్దవారికి సైతం రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. కొందరికి డాక్టర్లు అంతకన్నా తక్కువే చెబుతారు. అలాగే ఉబ్బసానికి వాడే సాల్బ్యుటమాల్ ఇక్కడ ఆల్బ్యుటెరాల్, షుగరు మందు గ్లైబెన్‌క్లమైడ్ ఇక్కడ గ్లైబ్యూరైడ్.

కాబట్టి బ్రాండు పేరు కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు చదవడం అలవాటు చేసుకోవాలి. ఆ పేరు చివరి అక్షరాలు కూడా మందు ఇంటిపేరు చెబుతాయి. "ప్రిల్", "సార్టాన్" అని ముగిస్తే ఎక్కువగా బీపీ మందులు, "స్టాటిన్" అంటే కొలెస్టరాల్ మందు. కానీ నిస్టాటిన్ ఫంగస్ మందు! చివరి అక్షరాలు దారి చూపుతాయి కానీ పూచీ పడవు.

చదువుకునే పిల్లలకు

కొత్త మందు ఎదురైనప్పుడల్లా అయిదు ప్రశ్నలు వేసుకోండి. అసలు పేరేమిటి? ఒంట్లో ఏ తాళం మీద పనిచేస్తుంది? శరీరం దాన్ని ఎలా బయటికి పంపుతుంది? ఎంత, ఎప్పుడు వేసుకోవాలి? దేనితో దానికి పడదు? ఈ అయిదింటికీ మీ మాటల్లో, వీలైతే తెలుగులో, ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఆ పాఠం మీకు వచ్చినట్టే.

ఒక్క హద్దు మాత్రం దాటవద్దు. మొదటి ఏడాది విద్యార్థి ఇంటి డాక్టరు కాదు. మందు మార్చమనీ, ఆపమనీ మీరు చెప్పకూడదు. మందులన్నిటి పట్టిక రాసి ఫార్మసిస్టుకు చూపించడం మీరు చేయగలిగిన గొప్ప సాయం. ఆసుపత్రిలో పెద్దవాళ్ళకు భాష అడ్డొస్తే తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఎవరైనా మందు ఎక్కువగా వేసుకున్నారని అనుమానం వస్తే, దేశంలో ఎక్కడి నుంచైనా పాయిజన్ కంట్రోల్ వారి 1-800-222-1222 నంబరుకు పగలూ రాత్రీ ఉచితంగా ఫోను చేయవచ్చు. మనిషి స్పృహ తప్పినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే 911కు చేయాలి.

మన భాషలో మందు అనే మాటకు ఔషధమనీ అర్థముంది, మనిషికి కీడు తలపెట్టి పెట్టే మందు అనీ అర్థముంది. గ్రీకులో ఫార్మకాన్ అన్న మాటా అంతే, ఔషధమూ అదే, విషమూ అదే. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పేదే మీరు చదవబోయే చదువు. శ్రద్ధగా చదవండి. ఈ వేసవికి వచ్చే అమ్మమ్మ మందుల సంచీ మీ మొదటి పాఠ్యపుస్తకం కావాలని ఆశిద్దాం.